పెద్దాయన తరఫు ప్లీడరు

మా ఆయన కోర్టులో ఎప్పుడూ "నా కక్షిదారు" అనేవారు కాదు. "నేను" అనేవారు. మిగతా ప్లీడర్లు లేచి, గొంతు సవరించుకొని, నా కక్షిదారుకు ఆ గోడతో ఏ సంబంధమూ లేదండీ అని మొదలుపెడితే, ఈయన మాత్రం "ఆ గోడ నేను కట్టలేదండీ, మా నాన్న కట్టాడు, నేను పుట్టేసరికే అది ఉంది" అనేవారు. కొత్తగా వచ్చిన జడ్జీలు కంగారుపడి, ఇంతకీ గోడ ఎవరిదయ్యా అని అడిగేవారట. పాతవాళ్లకు అలవాటైపోయింది. "పరాయివాడి గొడవ చెబుతున్నట్టుంటే జడ్జికి నిద్రొస్తుందోయ్. నా గొడవ నేను చెప్పుకుంటున్నట్టుంటే చచ్చినట్టు వింటాడు" అని ఈయన లెక్క.

అది కోర్టుతో పోతే నాకేం బాధ లేదు. కేసు నడిచినన్నాళ్లూ ఆ కక్షిదారు ఈయన వెంట ఇంటిదాకా వచ్చేవాడు. లారీ డ్రైవరు కేసు తీసుకుంటే అన్నం దగ్గర కూడా మోచేతిని కిటికీలోంచి బయటపెట్టినట్టు పక్కకు వాల్చి కూర్చునేవారు. అత్తాకోడళ్ల తగాదాలో అత్త తరఫున వాదించిన రోజుల్లో నా వంటకు పెట్టని వంక లేదు. "ఇదిగో, ఆ మహాతల్లిని కోర్టులోనే వదిలేసి రండి, లేకపోతే ఇవాళ మీకు మంచినీళ్లే గతి" అంటే పకపకా నవ్వేవారు. నవ్వి, కోటు విప్పి కొయ్యకు తగిలించి, కళ్లజోడు తీసి, నేను ఏ గుడ్డ మడతపెడుతుంటే ఆ గుడ్డ అంచు లాక్కొని అద్దాలు తుడుచుకునేవారు. దుప్పటి కానివ్వండి, తువ్వాలు కానివ్వండి, ఉతికి ఆరేసింది మళ్లీ మాసిపోవాల్సిందే. నేను తిట్టేదాన్ని. అద్దాలు తుడుచుకొని పెట్టుకుంటే మనిషి మళ్లీ మా ఆయనే. అందుకే నాకు ఎప్పుడూ భయం వేయలేదు. ఎంతటి కక్షిదారైనా అన్నం వేళకు దిగిపోయేవాడు.

ఆ వేసవిలో ఎన్నికలొచ్చాయి. ప్రచారం ఇంకా మొదలు కాకముందే, పార్టీ పెట్టిన పెద్దాయనకు పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడిపోయింది. మాట పడిపోయింది. మైకు పెట్టకపోయినా మైదానం చివరి వరసకు వినిపించే గొంతు అది. రాష్ట్రంలో ఆ గొంతు వినని మనిషి లేడు. ఆయన వెంట నీడలా తిరిగే నాయకుడొకడు ఉండేవాడు, అతన్ని అందరూ కుడిభుజం అనేవారు. పెద్దాయనకు కుడిచెయ్యీ, కుడిభుజమూ ఒకేసారి ఎదురు తిరిగాయి. బుర్ర పనిచేయని మనిషి పార్టీని ఎలా నడుపుతాడు, జెండా మాకిప్పించండి అని కుడిభుజం కోర్టుకెక్కాడు. పార్టీ మొదట పుట్టింది మా ఊళ్లోనే కాబట్టి దావా మా ఊరి కోర్టులోనే పడింది.

పెద్దాయన భార్య ఎప్పుడో పోయింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఆ అమ్మాయి వచ్చి మా వాకిట్లో నిలబడి, పెద్ద ప్లీడర్లందరినీ కుడిభుజం ముందే కొనేశాడు, మీరే దిక్కు అంది. మా ఆయన అంతకుముందు ఆ పార్టీవాళ్ల చిల్లర కేసులు నాలుగైదు వాదించారు, అంతే. రోజూ కక్షిదారుతో కూర్చోనిదే వాదించలేనన్నారు. డాక్టరేమో రోగిని అటూఇటూ తిప్పొద్దన్నాడు. చివరికి పెద్దాయనను మంచంతో సహా తెచ్చి మా ముందుగదిలో దింపారు. కక్షిదారును ఇంటికి తీసుకురావడమంటే ఇన్నాళ్లూ నేను మాటవరసకే అనుకున్నాను.

"ఫ్యాను వేయకండి అక్కా, నాన్నకు గాలి పడదు, ఎంత ఎండైనా సరే" అని ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ చెప్పింది. "తిండిలో ఉప్పు ఎంతున్నా ఇంకా కావాలంటారు. ఇవ్వకండి. ఏదైనా కావాలంటే ఉంగరంతో కొడతారు."

పగలు కుర్చీలో కూర్చునే పెద్దాయన ఎడమచేతికి లావుపాటి ఉంగరం ఉండేది. కుర్చీ చేతిమీద దాంతో టక్కున కొడితే వంటింట్లో నేను ఉలిక్కిపడేదాన్ని. అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు. పెద్ద శరీరం, పక్కకు వాలిన మూతి, కదలని చూపు. ఆ చూపు పడితే నాకెందుకో తల దించుకోవాలనిపించేది.

మా ఆయన రోజూ మధ్యాహ్నం కోర్టునుంచి రాగానే ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. ఒకరోజు మంచినీళ్లు పట్టుకెళ్తే లోపల మాటలు వినిపించాయి. మా ఆయనది కాస్త ముక్కుతో పలికే సన్నటి గొంతు. ఆ గొంతు ఏదో అడుగుతోంది. ఆగి ఆగి, బొంగురుగా, బరువుగా ఇంకో గొంతు జవాబు చెబుతోంది. అమ్మయ్య, పెద్దాయనకు మాటొచ్చేసింది, ఈ పీడ వదిలింది అనుకొని సంతోషం పట్టలేక తలుపు నెట్టాను.

పెద్దాయన నోరు మూసే ఉంది. కళ్లు కూడా మూసే ఉన్నాయి. ఎదురుగా మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా మా ఆయన కూర్చొని ఉన్నారు. ఆ బొంగురు గొంతు ఈయన నోట్లోంచి వస్తోంది. నన్ను చూసి మాట మధ్యలో ఆగిపోయింది.

"ఏం కావాలి?" అన్నారు, తన మామూలు గొంతుతో.

"మంచినీళ్లు" అని అక్కడ పెట్టేసి వచ్చాను. వసారాలో మా గుమాస్తా కాగితాలు కుడుతున్నాడు. ఏళ్ల తరబడి మా దగ్గరే పనిచేస్తున్న మనిషి.

"లోపల ఇంకెవరున్నారమ్మగారూ?" అన్నాడు.

"ఎవరుంటారు, నీ మొహం. ప్రాక్టీసు చేసుకుంటున్నారు."

అతను తల ఊపాడు కానీ కాగితాలు తీసుకొని వసారా ఆ చివరికి వెళ్లి కూర్చున్నాడు.

వాదన రోజున నేనూ కోర్టుకెళ్లాను. ఎప్పుడూ వెళ్లేదాన్ని కాదు. ఊరంతా అక్కడే ఉంది. ఆ ఒక్కరోజుకు కుర్చీతో సహా మోసుకొచ్చిన పెద్దాయనను జడ్జిగారు దగ్గరికి తెప్పించుకొని ఏవేవో అడిగారు. ఆయన ఉంగరంతో కొట్టి జవాబులు చెప్పారు. ఒక్కటీ తప్పలేదు. చివరికి జడ్జిగారు, "మరి ఈ పార్టీ విషయంలో మీరు చెప్పదలుచుకున్నదేమిటి?" అన్నారు. అది అవును, కాదులతో తేలేది కాదు. హాలంతా మా ఆయన వైపు తిరిగింది.

ఈయన లేచారు. లేస్తూ ఎడమచేతి వేలితో బల్లను టక్కున కొట్టారు. ఆ వేలికి ఉంగరం లేదు. చప్పుడు మాత్రం ఉంగరం చప్పుడే.

"నేను బతికే ఉన్నాను" అన్నారు. "నోరు పడిపోయింది, బుర్ర పడిపోలేదు. ఈ జెండాకు గుడ్డ చింపింది నేను. కర్ర నరికింది నేను. మంచంలో నేను పక్కకు తిరగలేని రోజున, నన్ను పరామర్శించడానికి వచ్చి, నా కుర్చీ కొలతలు తీసుకెళ్లినవాడిని ఇక్కడ చూస్తున్నాను."

ఆ గొంతు గోడలకు తగిలి వెనక్కొచ్చింది. నా పక్కనున్న ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడే అవతలి వరసలో కుడిభుజం లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకొని, తల వంచుకొని నిలబడ్డాడు.

జడ్జిగారు చూశారు. "మీరెందుకు లేచారు?" అన్నారు.

"పెద్దాయన మాట్లాడుతుంటే కూర్చోవడం అలవాటు లేదండీ" అన్నాడతను. అన్నాక గానీ తాను ఏమన్నాడో అతనికి తెలియలేదు. మొహం పాలిపోయింది. అతని ప్లీడరు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు కానీ అప్పటికే పని అయిపోయింది. దావా కొట్టేశారు. బయట జనం ఈలలు వేస్తుంటే నేను మాత్రం లోపలే ఆగిపోయాను. పెద్దాయన కళ్లు ఎప్పటిలా నావైపు లేవు. మా ఆయన వీపు మీదున్నాయి. తన వస్తువు ఎవరి చేతిలోనో చూస్తున్నట్టున్నాయి.

ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. రుచి చూడకుండానే ఉప్పు కలుపుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"కేసు గెలిచారు కదా, ఇంక చాలించండి. ఆ కోటు విప్పి మనిషిలా కూర్చోండి."

ఆయన నావైపు చూశారు. కోపం లేదు, నవ్వు లేదు. "వేసుకుంటే కదా విప్పడానికి" అన్నారు.

నిజమే. కోటు కొయ్యకు వేలాడుతోంది. కళ్లజోడు కూడా లేదు. అది లేకుండా ఎదురుగా ఉన్న గిన్నె కూడా కనబడని మనిషి. ఏదండీ అంటే, "అక్కర్లేదు, బాగానే కనిపిస్తోంది. ముందు ఆ ఫ్యాను ఆపు, చలేస్తోంది" అన్నారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. కరెంటు పోతే పిచ్చెక్కినట్టు వీధిలో తిరిగే మనిషి అంతకుముందు. నేను లేచి ఫ్యాను ఆపాను.

మర్నాటినుంచి మా వాకిలి సంతైపోయింది. ఆ గొంతు మాకు కావాలి, సభల్లో మాట్లాడించండి అని పార్టీవాళ్లు బారులు తీరారు. మొదట చుట్టుపక్కల ఊళ్లు. తర్వాత దూరపు ఊళ్లు. జనం కళ్లు మూసుకొని వింటున్నారట, ఏడుస్తున్నారట. పార్టీవాళ్లు ఏకగ్రీవంగా ఈయనను రాష్ట్ర అధ్యక్షుణ్ణి చేశారని గుమాస్తా పేపరు పట్టుకొని పరుగెత్తుకొచ్చి చెప్పాడు. గోడ తగాదాల ప్లీడరు రాష్ట్ర నాయకుడయ్యాడంటే సంతోషించని పెళ్లాం ఉంటుందా? నేనూ సంతోషించాను, పేపరు మడిచి దాచుకున్నాను. కానీ ఫొటోలో ఆ నిలబడిన తీరు మా ఆయనది కాదు. కుడికాలు కాస్త ఈడ్చి పెట్టినట్టుంది.

ఎన్నికలు అయిపోనీ అని సరిపెట్టుకున్నాను. కేసు అయిపోతే కక్షిదారు దిగిపోవాలి, అది మా ఇంటి పద్ధతి. అంతవరకు ఓపిక పట్టాలి, అంతే.

ముందుగదిలో పెద్దాయన మిగిలిపోయారు. ఆయనను ఎవరూ పట్టించుకోవడం మానేశారు. గొంతు సభల్లో తిరుగుతుంటే మనిషితో పనేముంది? నేనే తినిపించేదాన్ని, తుడిచేదాన్ని. ఒకరోజు ఆయన మంచం పక్కన కూర్చొని దుప్పట్లు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి దుప్పటి ఎక్కడో తట్టుకున్నట్టయింది. చూస్తే, ఆయన ఎడమచేత్తో అంచు పట్టుకొని తన ఒళ్లోకి లాక్కుంటున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ అంచు పెట్టి మెల్లగా, గుండ్రంగా రుద్దారు. మధ్యలో ఏమీ లేదు. ఒకవైపు అయ్యాక రెండోవైపు రుద్దారు. తర్వాత ఖాళీ చెయ్యి కళ్లదాకా ఎత్తి, ముక్కు మీద ఏదో పెట్టుకున్నట్టు పెట్టుకొని, నావైపు చూశారు.

నేను అరవలేదు. ఆ కళ్లను చూస్తే నాకు తల దించుకోవాలనిపించలేదు. అవి తిట్లకోసం ఎదురుచూస్తున్నాయి.

"ఫ్యాను వేయనా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

టక్కున ఒక్క దెబ్బ. ఫ్యాను వేస్తే, ఆయన తల వెనక్కి వాల్చి, చెమట పట్టిన మెడ గాలికి పెట్టి కళ్లు మూసుకున్నారు.

ఎవరితో చెప్పుకోను? పిచ్చి ముదిరిందంటారు. కానీ అలా అనిపించింది నాకొక్కదానికే కాదని తర్వాత తెలిసింది. ఒక పొద్దున ముందుగదిలో గుమాస్తా గొంతు వినబడి తొంగి చూశాను. మంచం ముందు చేతులు కట్టుకొని నిలబడి, ఆ రోజు వాయిదాలున్న కేసులన్నీ అప్పజెబుతున్నాడు.

"ఎవరికయ్యా చెబుతున్నావు?" అన్నాను.

"అయ్యగారికేనండి, రోజూ..." అని నాలుక కరుచుకున్నాడు. వెర్రిచూపులు చూసి బయటికి నడిచాడు. ఆ సాయంత్రమే, మా అత్తగారికి ఒంట్లో బాగోలేదమ్మా అని చెప్పి సెలవు పెట్టి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

పోలింగు దగ్గరపడింది. ఈయన ఒక పూట విశ్రాంతికని ఇంటికొచ్చారు. అదే రోజు పెద్దాయన కూతురు తండ్రిని చూడటానికి వచ్చింది. ఆ అమ్మాయి వాకిట్లో చెప్పులు విప్పుతుండగా ఈయన గుమ్మంలో నిలబడి, "ఏం ఉడతా, చిక్కిపోయావు" అన్నారు.

ఆ అమ్మాయి అలాగే ఆగిపోయింది. ఒక చెప్పు కాలికే ఉంది.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? పెట్టిందే నేను."

"నాన్న చెప్పారా?" అంది నావైపు తిరిగి.

"మాటలేని మనిషి ఎలా చెబుతారమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ముందుగదిలోకి వెళ్లింది. మంచం మీద మనిషి ఆమెను మర్యాదగా చూశారు, ఎవరి తాలూకో ఆడపిల్లను చూసినట్టు చూశారు. చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చారు. ఆమె ఎక్కువసేపు కూర్చోలేదు. బయటికొచ్చి వసారాలో ఈయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఈయన ఎడమచెయ్యి ఆమె తలమీద వేశారు. ఆ అమ్మాయి ఏడ్చింది. తండ్రి పోయాడని ఏడ్చే ఏడుపు కాదది, తప్పిపోయిన తండ్రి దొరికితే ఏడ్చే ఏడుపు. నాకు దాన్ని చూసి జాలి కలగాలి. కడుపు మండిపోయింది.

ఆమె వెళ్లాక ఈయన దగ్గరికెళ్లాను. ఇంక దాచుకోలేకపోయాను.

"ఏమండీ, నాకు మీ పదవీ వద్దు, పార్టీ వద్దు. ఎన్నికలు అయిపోగానే మీరు మీలా ఇంటికి రావాలి. నాకు మాటివ్వండి."

ఆయన నన్ను దయగా చూశారు. ఎంత దయగా అంటే, సభల్లో అర్జీలు పట్టుకొచ్చే ఆడవాళ్లను అలా చూస్తారు కాబోలు.

"అలాగే అమ్మాయ్" అన్నారు.

పెళ్లయిన దగ్గరనుంచి నన్ను ఏమోయ్ అన్నారు, ఒసేయ్ అన్నారు, కోపమొస్తే ఇదిగో నిన్నే అన్నారు. అమ్మాయ్ అని ఎప్పుడూ అనలేదు. నేను లోపలికొచ్చి, వంటింట్లో కాదు, ముందుగదిలో మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను. తలమీద ఏ చెయ్యీ పడలేదు. మా ఆయనకు నేను ఏడుస్తుంటే ఏం చెయ్యాలో ఎప్పుడూ తెలిసేది కాదు. పక్కన ఊరికే కూర్చొని, ఏడుపు అయ్యేదాకా కదిలేవారు కాదు. మంచం మీద మనిషీ కదలలేదు.

పార్టీ గెలిచింది. లెక్కింపు అవుతుండగానే వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా జనం. పూలదండల కింద ఈయన మొహం కూడా కనిపించలేదు. సాయంత్రానికి కార్లొచ్చాయి. రాజధానికి బయలుదేరాలట, ప్రభుత్వం ఎవరు ఏర్పాటు చేయాలో తేల్చాలట. పెద్దాయన కూతురే ముందు కారు దిగి లోపలికొచ్చింది. పెద్దాయన సామాను సర్దడానికి నేను ముందుగదిలో పెట్టె తెరిచి పెట్టుకున్నాను. రోగిని ఇన్నాళ్లకు తీసుకెళ్తారు, వెంటబడే కక్షిదారు ఇంట్లో లేకపోతే ఈయన మళ్లీ మా ఆయనైపోతారని నా ఆశ. ఆ ఆశతోనే మా ఆయన చొక్కాలన్నీ ఉతికి ఉంచాను.

"పెట్టె సర్దేశానమ్మా" అన్నాను. "మందులు పైన పెట్టాను."

ఆ అమ్మాయి పెట్టెను చూసింది. మంచం వైపు చూడలేదు.

"అక్కా, నేను మా నాన్నను తీసుకెళ్తున్నాను" అంది.

బయట కారు దగ్గర ఈయన నిలబడి జనానికి ఎడమచెయ్యి ఊపుతున్నారు. ఆమె చూపు అక్కడుంది.

"మరి ఈయన?" అన్నాను.

"ఈయన మీ దగ్గరే బాగుంటారు" అంది. నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా నొక్కింది, వదిలేసింది. ఆమె కళ్లలో దొంగతనం ఉంది. నా కళ్లలోనూ ఉండి ఉంటుంది. ఎందుకంటే నేను గుమ్మందాకా పరుగెత్తి ఆపండి అని అరవొచ్చు. నా మొగుణ్ణి ఎక్కడికి తీసుకెళ్తున్నారని జనం ముందు కారుకు అడ్డం పడొచ్చు. నాకు ఆ నోరుంది. ఒక్క అడుగు వేశాను కూడా. వెనకనుంచి చప్పుడు వినబడింది. టక్, టక్. రెండు దెబ్బలు. నేను ఆగిపోయాను. కార్లు వెళ్లిపోయాక వీధిలో నలిగిన పూలూ, దుమ్మూ మిగిలాయి.

పెట్టె ఖాళీ చేసి, మా ఆయన కోసం ఉతికి ఉంచిన చొక్కాలు కొయ్యలకు తగిలించాను. అవి మంచం మీది మనిషికి బిగుతు. కొన్నింటిని కుట్లు విప్పించి వదులు చేయించాను.

పెద్దాయన ఆరోగ్యం బాగోలేక రాజకీయాలనుంచి తప్పుకొని ఎక్కడో ప్రశాంతంగా ఉన్నారని పేపర్లు రాశాయి. మా ఆయన ఫొటోలు రోజూ వస్తున్నాయి. ఇరుగుపొరుగు మొదట్లో, నువ్వు రాజధానికి ఎప్పుడు వెళ్తావమ్మా అని అడిగేవారు. రోగిని వదిలి ఎలా వెళ్లనండీ అంటే, ఎంత మంచిదానివి తల్లీ అని మెచ్చుకునేవారు. మెచ్చుకోనీ అని ఊరుకున్నాను.

వానలు మొదలవుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ముందుగదిలో అన్నం తినిపిస్తున్నాను. ఎడంచేత్తో ఫోను అందుకున్నాను. అవతల ఎవరో, సారు మాట్లాడతారు ఉండండి అన్నారు. ఏం అడగాలి, ఏం తిట్టాలి అని ఇన్నాళ్లూ కూడబెట్టుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ బొంగురు గొంతు వచ్చింది.

"బాగున్నావా, అమ్మాయ్?"

"బాగున్నాను."

తర్వాత ఎంతో ఆప్యాయంగా, "మన ప్లీడరు ఎలా ఉన్నాడు?" అన్నారు. "నాకు చాలా పెద్ద సాయం చేశాడు. జాగ్రత్తగా చూసుకో."

నేను మంచం వైపు చూశాను. ఆయన నోరు తెరుచుకొని తరవాతి ముద్దకోసం చూస్తున్నారు. మెడ మీద ఒక మెతుకు అంటుకొని ఉంది.

"బాగానే ఉన్నారండీ" అన్నాను. "అన్నం తింటున్నారు."

ఫోను పెట్టేసి, మెతుకు తుడిచి, ముద్ద కలిపాను.